సంతలో మనం కొనేవాళ్ళమే కాదు, అమ్మేవాళ్ళం కూడా

(డిసెంబర్ 24న ఏజెన్సీలో జరిగిన ఆదివాసీ యువజన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాయడానికి ప్రయత్నించాను.)

కాఫీ పళ్ళు కోసే పని ఒకరోజు ఆపుకుని వచ్చిన అమ్మలకి, అక్కలకి, ఊరి పెద్దలకి, కాలేజీల నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి పేరుపేరునా జోహార్లు.

ఈ రోజు డిసెంబర్ 24. టౌన్లలో ఈ రోజుని జాతీయ వినియోగదారుల దినోత్సవం అంటారు. 1986లో ఇదే తారీఖున వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అందుకే కాలేజీల్లో వ్యాసరచన పోటీ పెడతారు, కలెక్టరేట్లో మీటింగ్ పెడతారు, "మేలుకో వినియోగదారుడా" అని బ్యానర్ కడతారు.

సరిగ్గా పదేళ్ళ తర్వాత, 1996లో, మళ్ళీ ఇదే డిసెంబర్ 24న ఇంకో చట్టం వచ్చింది. అదే పెసా. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి అధికారం ఇచ్చిన చట్టం. మనం ఈ రోజుని పెసా దినంగా జరుపుకుంటాం. టౌన్లో వాళ్ళకి ఒక పండగ, మనకి ఇంకో పండగ, తారీఖు మాత్రం ఒకటే. ఈ రెండు చట్టాల గురించి ఒకే మీటింగులో మాట్లాడడం నేనైతే వినలేదు. ఈ రోజు ఆ పని చేద్దామని నిలబడ్డాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. మనం సంతలో కొనేటప్పుడు మొదటి చట్టం మన పక్కన ఉంటుంది. అదే సంతలో మనం అమ్మేటప్పుడు ఆ చట్టం మనల్ని చూడదు. అక్కడ మనకి కావాల్సింది తూకం చట్టం, దాని వెనక పెసా. ఈ మూడూ కలిపి వాడుకోకపోతే ఒక చేత్తో మిగిలించుకున్నది ఇంకో చేత్తో పోగొట్టుకుంటాం.

వినియోగదారు అంటే ఎవరు?

1986 చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. 2020 జూలై 20 నుంచి అది అమల్లో ఉంది. డబ్బు ఇచ్చి గానీ, ఇస్తానని మాట ఇచ్చి గానీ సరుకు కొన్నవాడు, సేవ తీసుకున్నవాడు వినియోగదారు అని ఆ చట్టం చెప్తోంది. తిరిగి అమ్మి లాభం చేసుకోవడానికి కొన్నవాడు వినియోగదారు కాడు.

ఇప్పుడు మన సంత ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మనం తెల్లవారకముందే కొండ దిగుతాం. ఖాళీ చేతులతో దిగం. చింతపండో, కొండచీపుర్లో, ఉసిరికాయో, అడ్డాకులో, పిప్పళ్ళో, రాజ్‌మా గింజలో నెత్తిన పెట్టుకుని, కావిడి వేసుకుని దిగుతాం. ముందు అమ్ముతాం. ఆ వచ్చిన డబ్బుతోనే ఉప్పు, నూనె, సబ్బు, ఎండు చేపలు, పిల్లలకి బట్టలు కొంటాం. అంటే పొద్దున పది గంటల దాకా మనం అమ్మేవాళ్ళం. పది దాటాక వినియోగదారులం.

టౌన్లో ఉద్యోగికి ఈ బాధ లేదు. ఆయన జీతం బ్యాంకులో పడుతుంది, ఆయన కొనడం ఒక్కటే చూసుకుంటే చాలు. వినియోగదారుల చట్టం అలాంటి మనిషిని మనసులో పెట్టుకుని రాసింది. మన జీతం కాటా మీద పడుతుంది. కాటా దగ్గర పోయిన డబ్బు గురించి వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే "నువ్వు కొనలేదు కదా, అమ్మావు, ఇది మా పరిధి కాదు" అంటారు. చట్టం ప్రకారం వాళ్ళన్నది తప్పు కాదు కూడా.

ఒక చిన్న లెక్క

లెక్క చూద్దాం. 2020 మేలో కేంద్ర ప్రభుత్వం గింజతో ఉన్న చింతపండుకి కిలో 36 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. లెక్క కోసం అదే పెట్టుకుందాం. మన అక్క ఒకామె 20 కిలోల చింతపండు తెచ్చింది అనుకోండి. సరైన తూకం, సరైన ధర అయితే ఆమెకి రావాల్సింది 720 రూపాయలు.

షావుకారు కాటా మీద పెట్టాడు. 20 కిలోలది 18 చూపించింది. దాంట్లో "గోనె తరుగు ఒక కిలో, తేమ తరుగు ఒక కిలో" అని ఇంకో రెండు కొట్టేశాడు. 16 మిగిలింది. ధర 30 అన్నాడు. చేతిలో 480 పెట్టాడు. మొత్తం 240 రూపాయలు పోయాయి. అంటే మూడింట ఒక వంతు.

ఇప్పుడు ఆ 240 ఎక్కడ పోయిందో విడదీసి చూడండి. 36 బదులు 30 ఇచ్చాడు కాబట్టి 20 కిలోల మీద 120 పోయింది. ఇది ధర దగ్గర పోయింది. మిగతా 120? నాలుగు కిలోలు తూకంలో పోయాయి, 30 చొప్పున 120. ఇది కాటా దగ్గర పోయింది. సగానికి సగం.

ధర తక్కువ అని మనందరికీ తెలుసు. ధర గురించి అరుస్తాం, ధర్నా చేస్తాం, వినతిపత్రం ఇస్తాం. కాటాలో పోయింది మాత్రం మనకి కనపడదు. కనపడనిదాని గురించి ఎవరూ గొడవ చెయ్యరు. ధర పెరిగితే కాటా ఇంకొంచెం తగ్గిస్తే సరిపోతుందని వాడికి తెలుసు. అందుకే మద్దతు ధర కోసం పోరాడేవాళ్ళందరికీ నేను ఒకటే చెప్తున్నాను: ముందు కాటా సంగతి చూడండి. కాటా సరిగ్గా లేకుండా వచ్చే మద్దతు ధర సగమే మన ఇంటికి వస్తుంది.

కాటా గురించి చట్టం ఏమంటుంది

2009లో లీగల్ మెట్రాలజీ చట్టం వచ్చింది. తెలుగులో తూనికలు కొలతల చట్టం అనుకోండి. 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇది కొనేవాడికి ఒకటి, అమ్మేవాడికి ఒకటి కాదు. కాటాకి అటు నిలబడినా ఇటు నిలబడినా ఒకటే చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో చేరకుండా బయట మిగిలిపోయిన మన ఊళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది.

ఇందులో 12వ సెక్షన్ అని ఒకటి ఉంది. రాసుకోండి. ఒప్పుకున్న బరువు కన్నా ఎక్కువ తీసుకునే, తక్కువ ఇచ్చే ఏ ఆచారమైనా, ఏ వాడుకైనా, ఏ పద్ధతైనా చెల్లదు అని చెప్పే సెక్షన్ అది. "తరుగు తియ్యడం ఇక్కడి ఆనవాయితీ, మా తాత కాలం నుంచి ఉంది" అని షావుకారు అంటాడు చూడండి, ఆ మాటకి ఇదే జవాబు. ఆనవాయితీ అయినా చెల్లదు అని చట్టమే రాసింది. సరుకు తడిగా ఉంటే దానికి తగ్గట్టు ధర మాట్లాడుకోవచ్చు. అది మన కళ్ళ ముందు జరిగే బేరం. బరువులో కొట్టెయ్యడం బేరం కాదు.

అదే చట్టంలో 30వ సెక్షన్ ఉంది. అమ్మేటప్పుడు తక్కువ తూచి ఇవ్వడం నేరం అని అందరికీ తెలుసు. కొనేటప్పుడు మోసంతో ఎక్కువ తూచి తీసుకోవడం కూడా నేరమే అని అందులో విడిగా రాశారు. మనకి పనికొచ్చేది ఈ రెండోది. దీని మీద మన సంతల నుంచి ఎన్ని ఫిర్యాదులు వెళ్ళాయో మీరే ఆలోచించుకోండి.

ఇంకో మాట. వ్యాపారానికి వాడే ప్రతి కాటాకి ప్రభుత్వ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాని ఏడాదికోసారి, తక్కెడని, రాళ్ళని రెండేళ్ళకోసారి పరీక్ష చేయించి ముద్ర వేయించాలి. ఆ సర్టిఫికెట్ అందరికీ కనపడేలా పెట్టాలి. రాయి బదులు రాయి లాంటి ఇనుప ముక్క, దారంతో కట్టిన బోల్టు, ఇవేవీ బరువులు కావు. అలాగే కుంచం, అడ్డ, సోల మన ఇళ్ళలో మన లెక్కకి బాగానే ఉంటాయి, చుట్టాలకి గింజలు కొలిచి పెట్టడానికి బాగానే ఉంటాయి. వ్యాపారంలో మాత్రం కిలో, గ్రాము, లీటరు లెక్కే నడవాలి. ఎందుకంటే షావుకారు తెచ్చే కుంచం మన కుంచం కన్నా ఎప్పుడూ పెద్దదే. కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఇంకో కుంచం పెట్టుకున్నవాళ్ళ కథలు మన ముసలివాళ్ళని అడిగితే చెప్తారు.

మా ఊరికి దగ్గర సంతలో కిందటేడు మేం కుర్రాళ్ళం ఒక పని చేశాం. పెద్ద పనేం కాదు. సీలు విప్పని కిలో ఉప్పు ప్యాకెట్లు ఐదు కొన్నాం. కొత్త గోనెసంచిలో వేసి, పైన కొంచెం చింతపండు కప్పి ఒక వ్యాపారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఉప్పే ఐదు కిలోలు. ఆయన కాటా నాలుగు కిలోల చిల్లర చూపించింది. అప్పుడు చింతపండు తీసేసి ప్యాకెట్లు బయటికి తీశాం. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ చూశారు. ఆ వ్యాపారి "బ్యాటరీ డౌన్ అయింది బాబూ" అన్నాడు. మేం గొడవ పడలేదు, చెయ్యి ఎత్తలేదు. "అయితే బ్యాటరీ మార్చండి" అన్నాం. మార్చాడు. తర్వాత నాలుగైదు వారాలు ఆ వరసలో కాటాలన్నీ బాగానే పని చేశాయి. తర్వాత మళ్ళీ మొదలైంది. అంచేత ఒకరోజు కుర్రాళ్ళు చేసే పనితో ఇది తీరదు. దీన్ని ఊరు చెయ్యాలి. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

కొనేటప్పుడు

ఇప్పుడు పది గంటలు దాటింది అనుకోండి. మన చేతిలో డబ్బు ఉంది. ఇక్కడ వినియోగదారుల చట్టం మనదే, గట్టిగా వాడుకోవచ్చు.

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటుంది. దాని కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. "ఘాట్ రోడ్డు ఎక్కి తెచ్చాను, బండి ఖర్చు" అంటాడు. ఎమ్మార్పీ అంటేనే అన్ని ఖర్చులు, అన్ని పన్నులు కలిపిన గరిష్ఠ ధర. కొండ మీద ఒక ఎమ్మార్పీ, కొండ కింద ఒక ఎమ్మార్పీ లేవు.

తారీఖు చూడండి. టౌన్లో అమ్ముడుపోని సరుకు, గడువు దాటిన బిస్కెట్లు, పేరున్న సబ్బుకి ఒక్క అక్షరం మార్చి తయారుచేసిన సబ్బు, ఇవన్నీ చివరికి మన సంతకే చేరతాయి. చదువు రాని వాళ్ళు బొమ్మ చూసి, రంగు చూసి కొంటారని వాళ్ళకి తెలుసు. తినే ప్యాకెట్ మీద ఫుడ్ లైసెన్స్ నంబరు 14 అంకెలు ఉండాలి. అది లేని నూనె ప్యాకెట్ పిల్లలకి పెట్టొద్దు.

బిల్లు అడగండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే అని 2019 చట్టంలో చేర్చారు. బిల్లు లేకపోతే కేసు లేదని కాదు గానీ, ఉంటే చాలా సులువు.

విత్తనాల దగ్గర మరీ జాగ్రత్త. ఇటు మొక్కజొన్న అయినా, అటు ఆదిలాబాద్, భద్రాచలం వైపు పత్తి అయినా, విత్తనం మొలకెత్తకపోతే ఏడాది పోతుంది, దానితో అప్పు మిగులుతుంది. "రైతు పంట అమ్ముకుంటాడు కాబట్టి అతను వినియోగదారు కాడు" అని విత్తన కంపెనీలు వాదించేవి. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులే అవి. బతుకుతెరువు కోసం విత్తనం కొన్న రైతు వినియోగదారే అని చెప్పింది. "విత్తనాన్ని ల్యాబ్‌కి పంపలేదు కదా" అన్న వాదన కూడా నిలబడలేదు. కొన్న విత్తనమంతా చేలో వేసుకునే రైతు పరీక్ష కోసం కొంత దాచుకుంటాడని ఎలా అనుకుంటారని కోర్టు అడిగింది. అయినా మన జాగ్రత్త మనది. ఖాళీ సంచి, దాని మీద ఉన్న ట్యాగు, బిల్లు, ఈ మూడూ పంట చేతికొచ్చే దాకా చూరులో దోపి ఉంచండి.

ఫిర్యాదు ఎలాగ? 1915కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలంటే, సరుకు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ని పెట్టుకోవాలన్న నియమం లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. కంపెనీ ఎక్కడ ఉన్నా, మనం ఉన్న జిల్లాలోనే వెయ్యొచ్చు. ఇది 2019 చట్టంలో వచ్చిన మంచి మార్పు.

"అన్నా, రెండు రూపాయల కోసం జిల్లా కేంద్రానికి బస్సు ఛార్జీ పెట్టుకుని ఎవడు వెళ్తాడు?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒక్కడు వెళ్ళడు. వెళ్ళడనే కదా రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నాడు. అందుకే చట్టంలో ఇంకో దారి ఉంది. ఒకే బాధ ఉన్న చాలామంది కలిసి ఒక్క ఫిర్యాదు వెయ్యడానికి కమిషన్ అనుమతి ఇవ్వొచ్చు. రిజిస్టర్ అయిన వినియోగదారుల సంఘం మన తరఫున వెయ్యొచ్చు. ఒక ప్రాంతంలో వినియోగదారులందరికీ జరుగుతున్న అన్యాయం మీద విచారణ చేసే అధికారం 16వ సెక్షన్ కింద జిల్లా కలెక్టర్‌కి ఉంది. మనం ఇప్పటిదాకా రోడ్డు కోసం, టీచర్ కోసం, అంబులెన్స్ కోసం కలెక్టర్‌కి అర్జీలు పెట్టాం. సంతలో ఎమ్మార్పీ గురించి ఒక్క అర్జీ పెట్టామా?

ఈ రూల్సు ఊరికే రాలేదు

"ఇప్పుడు రూల్సు అంటున్నారు, వ్యాపారం మీద ప్రభుత్వం పెత్తనం ఎందుకు, స్వేచ్ఛగా వదిలెయ్యాలి" అనేవాళ్ళు కాలేజీలో నాకు చాలామంది తగిలారు. వాళ్ళకి నేను మన చరిత్ర చెప్తాను.

1917లో, బ్రిటిష్ కాలంలో, గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకి ఒక చట్టం చేశారు. పేరు ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం. పేరులోనే చూడండి, ముందు వడ్డీ, తర్వాత భూమి. ఎందుకంటే జరిగేది అదే వరసలో. ఉప్పు అప్పు పెడతాడు. అప్పుకి వడ్డీ కడతాడు. వడ్డీకి పంట రాయించుకుంటాడు. చివరికి భూమి తీసుకుంటాడు. తెల్లవాడికి కూడా ఆ సంగతి అర్థమైంది. ఆపకపోతే కొండ మళ్ళీ తిరగబడుతుందని భయపడ్డాడు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం ఐదో షెడ్యూల్లో, ఆదివాసులకి అప్పులిచ్చే వడ్డీ వ్యాపారాన్ని నియంత్రించే అధికారం గవర్నర్‌కి రాసిపెట్టారు. 1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, విశాఖపట్నంలో పెట్టారు. అటవీ ఫలసాయం న్యాయమైన ధరకి కొనడం, నిత్యావసరాలు న్యాయమైన ధరకి అమ్మడం, అప్పు ఇవ్వడం. మూడు పనులూ ఒకే సంస్థకి ఎందుకు ఇచ్చారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. షావుకారు ఒక్కడే ఆ మూడు పనులూ చేసేవాడు కాబట్టి. 1959లో భూ బదలాయింపు నియంత్రణ, 1960లో వడ్డీ వ్యాపారుల నియంత్రణ వచ్చాయి. ఏజెన్సీలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చెయ్యకూడదని అందులో రాశారు.

కాగితం మీద ఇన్ని ఉన్నా 1967 అక్టోబర్ 31న లేవిడిలో కోరన్న, మంగన్నలని కాల్చి చంపారు. శ్రీకాకుళం కొండల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆ పోరాటంలో ముందున్న కోపం అప్పుల మీద, భూమి మీద, షావుకారు మీద. ఆ తర్వాతే 1970లో 1/70 వచ్చింది, అప్పుల నుంచి విముక్తికి ఇంకో నిబంధన వచ్చింది.

అందుకని "రూల్సు వ్యాపారానికి అడ్డం" అనేవాళ్ళకి ఒకటే చెప్పండి. మా దగ్గర రూలు లేని వ్యాపారం ఎలా ఉంటుందో మా తాతలు చూశారు. దానికి భూములు కట్టారు, ప్రాణాలు కట్టారు.

షావుకారు లేకపోతే ఎలాగ?

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది. దాన్ని దాటేసి వెళ్ళిపోతే మన మీటింగుకి అర్థం లేదు. కిందటి నెల ఒక ఊళ్ళో ఇదే విషయం మాట్లాడితే ఒక అవ్వ లేచి నన్ను అడిగింది. "బాబూ, నువ్వు చెప్పిందంతా నిజమే. అర్ధరాత్రి నా కోడలికి నొప్పులొస్తే జీపుకి డబ్బులు ఇచ్చింది ఆ షావుకారే. నువ్వు కాదు, సర్కారు కాదు. రేపు వాడు సంతకి రాకపోతే నా చింతపండు ఎవరు కొంటారు?"

ఆ అవ్వకి తెలిసినంత ఆర్థికశాస్త్రం నాకు డిగ్రీలో చెప్పలేదు. షావుకారు మన సరుకు కొనడానికి వస్తున్నాడు, మనకి అప్పు కూడా ఇస్తున్నాడు. అప్పు ఉన్నంత కాలం మనం పక్క కాటాకి వెళ్ళలేం. చెట్టు మీద కాయ ఉండగానే అది ఆయన పేరు మీద రాసేసి ఉంటుంది. అంటే కాటా మోసానికి బలం కాటాలో లేదు, అప్పు పుస్తకంలో ఉంది.

ఇప్పుడు ఆ అప్పు పుస్తకం కొత్త రూపాల్లో కూడా వస్తోంది. వారం వారం వాయిదా కట్టించుకునే సూక్ష్మరుణ కంపెనీలు, ఫోన్లో లోన్ యాప్‌లు. మన కుర్రాళ్ళు చాలామంది ఈ యాప్‌లలో ఇరుక్కున్నారు, సిగ్గుతో చెప్పడం లేదు. వీటికీ రూల్సు ఉన్నాయి. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం సూక్ష్మరుణానికి తాకట్టు పెట్టించుకోకూడదు. కుటుంబానికి ఉన్న అన్ని అప్పుల వాయిదాలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. పొద్దున 9 ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్లు చెయ్యకూడదు. యాప్‌లో అప్పు ఇచ్చేవాడు మన ఫోన్లో నంబర్ల జాబితా తీసుకోకూడదు. అసలు ఖర్చు ఎంత పడుతుందో ముందే ఒక కాగితంలో చూపించాలి. ఎవరైనా బెదిరిస్తే దాచుకోకండి, మన సంఘానికి చెప్పండి. 14448 రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల నంబరు.

అవ్వకి నేను ఇచ్చిన జవాబు ఇది. షావుకారుని తరిమెయ్యమని మేం అనడం లేదు. వాడు రావాలి, కొనాలి, లాభం కూడా చేసుకోవాలి. కానీ ముద్ర ఉన్న కాటా మీద కొనాలి. అర్ధరాత్రి జీపు డబ్బులకి మాత్రం వాడి మీద ఆధారపడకుండా, మన ఊరి పొదుపు సంఘంలోనే ఆపద కోసం కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఆ డబ్బు ఉన్న ఊళ్ళో అక్క పక్క కాటాకి ధైర్యంగా వెళ్తుంది. లేని ఊళ్ళో ఎన్ని చట్టాలు చెప్పినా వెళ్ళలేదు.

ఇక పెసా

పెసా చట్టం నాలుగో సెక్షన్‌లో (ఎమ్) అనే భాగం తీసి చదవండి. మనం ఎప్పుడూ గనుల గురించి, భూసేకరణ గురించే పెసా మాట్లాడతాం. అది కావాలి, తప్పు లేదు. కానీ ఈ (ఎమ్)లో వరసగా ఏమున్నాయో చూడండి: చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపడం. గ్రామ సంతలని, వాటిని ఏ పేరుతో పిలిచినా సరే, నిర్వహించే అధికారం. ఆదివాసులకి ఇచ్చే అప్పుల వ్యాపారం మీద నియంత్రణ. ఫలసాయం, భూమి, సంత, అప్పు. ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్నవన్నీ ఒకేచోట ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో పెసా నియమాలు కూడా వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఫలసాయం సేకరించుకునే, అమ్ముకునే హక్కు మనదే అంది.

మరి ఇప్పుడు సంత ఎవరి చేతిలో ఉంది? ఏడాదికోసారి ఆశీలు వేలం పాట జరుగుతుంది. పాడుకున్నవాడు తట్టకి ఇంత, మేకకి ఇంత అని మన దగ్గర వసూలు చేసుకుంటాడు. ఆడవాళ్ళకి నీడ ఉండదు, నీళ్ళు ఉండవు, మరుగుదొడ్డి ఉండదు. పంచాయతీ రికార్డుల్లో సంత అంటే ఒక ఆదాయం లైను, అంతే.

ఈ వేలం పాట మన పంచాయతీదే. కాబట్టి వేలం షరతులు ఏమిటో గ్రామసభ మాట్లాడాలి. ఏం మాట్లాడాలో చెప్తాను, ఇష్టమైతే మీ ఊళ్ళో తీర్మానంగా రాసుకోండి.

ఒకటి: సంత మధ్యలో ముద్ర వేయించిన ఊరి కాటా ఒకటి ఉండాలి. ఎవరైనా సరే డబ్బులు లేకుండా అక్కడ ముందు తూచుకుని తర్వాత వ్యాపారి దగ్గరికి వెళ్ళొచ్చు. దాని దగ్గర ఇద్దరు చదువుకున్న పిల్లలు కూర్చోవాలి.

రెండు: ఆ వారం జీసీసీ ధర, మద్దతు ధర ఎంతో పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయాలి. మన భాషలో మైకులో కూడా చెప్పాలి.

మూడు: కాటా ముద్ర సర్టిఫికెట్ చూపించిన వ్యాపారికే సంతలో చోటు. తరుగు పేరుతో బరువు కొట్టెయ్యకూడదు.

నాలుగు: ఏడాదిలో కనీసం రెండుసార్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌ని సంత రోజునే రమ్మని గ్రామసభ పేరుతో రాయాలి. నకలు కలెక్టర్‌కి, ఐటీడీఏ పీవోకి పంపాలి. రసీదు దాచాలి.

ఐదు: మన ఊళ్ళో అప్పులిచ్చేవాళ్ళ పేర్లు, లైసెన్సు ఉందా లేదా, వడ్డీ ఎంత, గ్రామసభ రిజిస్టర్లో రాయాలి.

ఆరు: ఆశీలు డబ్బులో కొంత భాగం సంతలో నీడకి, నీళ్ళకి, ఆడవాళ్ళ మరుగుదొడ్డికి ఖర్చు పెట్టాలి.

ఇందులో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఒక కాటా ధర మనం యువజన ఉత్సవాలకి డీజే పెట్టే ఖర్చు కన్నా తక్కువ.

చదువుకున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి చివరగా ఒక మాట. మనం చదువుకున్నది ఎక్కువ శాతం అమ్మానాన్నల చింతపండు డబ్బుతో, చీపుర్ల డబ్బుతో. ఆ డబ్బు కాటా మీద నుంచి ఎలా వచ్చిందో ఇప్పుడు లెక్క చూశాం. మీరు సంత రోజు ఊళ్ళో ఉంటే ఒక గంట ఆ కాటా పక్కన నిలబడండి. గొడవ వద్దు. ప్యాకెట్ మీద ధర చదివి అవ్వకి చెప్పండి. కాటా మీద అంకె చదివి అక్కకి చెప్పండి. పక్కన మనవాడు ఒకడు చదువుతూ నిలబడితే కాటా ఎంత నిజాయితీగా మారిపోతుందో మేం చూశాం.

వచ్చే డిసెంబర్ 24న మళ్ళీ కలుద్దాం. అప్పుడు ప్రసంగాలు తక్కువ పెట్టుకుందాం. ఏ ఊరి సంతలో ఊరి కాటా వచ్చింది, ఏ ఊళ్ళో తీర్మానం రాశారు, ఇన్‌స్పెక్టర్ వచ్చాడా లేదా, ఊరికొకరు లేచి లెక్క చెప్పాలి. మా ఊరి లెక్క నేనే ముందు చెప్తాను.

మావ నాటే, మావ రాజ్. మన ఊళ్ళో మన రాజ్యం అంటే మన సంతలో మన తూకం కూడా.